నిద్రలో వినిపించే చిన్న శబ్దంతో, కావలసిన మాటలు గుర్తుండేలా చేసుకోవడం ఎలా?

రాత్రి పడుకునే ముందు ఇరవై కొత్త జర్మన్ మాటలు చదివారనుకోండి. తెల్లారేసరికి కొన్ని మిగులుతాయి, కొన్ని పోతాయి. ఏది మిగలాలో మనల్ని అడిగి ఎవరూ నిర్ణయించరు. నిద్రలో మెదడే పగటి జ్ఞాపకాల్లో కొన్నింటిని మళ్లీ తిరగేస్తుంది. అలా తిరగేసినవి గట్టిపడతాయి, మిగతావి పలచబడతాయి. ఈ ఎంపికను శబ్దంతో కొద్దిగా మనవైపు తిప్పుకోవచ్చని గత ఇరవై ఏళ్ల పరిశోధన చెబుతోంది. శాస్త్రవేత్తలు దీన్ని టార్గెటెడ్ మెమరీ రీయాక్టివేషన్ అంటారు. ఒక విషయం నేర్చుకునేటప్పుడు దానికి ఒక శబ్దాన్ని జతచేసి, గాఢ నిద్రలో అదే శబ్దాన్ని మెల్లగా వినిపించడమే ఆ పద్ధతి. ఇంట్లో ఒక ఫోనుతో దీన్ని జాగ్రత్తగా ఎలా చేయాలో ఇక్కడ చెబుతాను. ఉదాహరణకు జర్మన్ మాటలు తీసుకుంటాను, ఎందుకంటే జర్మనీలో నర్సు ఉద్యోగానికో, పై చదువుకో వెళ్లాలని ఆ భాషతో కుస్తీ పడుతున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో చాలామందే ఉన్నారు.

అన్నిటికన్నా ముందు ఒక భ్రమ వదులుకోవాలి. నిద్రపోతూ వింటే కొత్త భాష వచ్చేస్తుందని చెప్పే ఎనిమిది గంటల వీడియోలు నెట్‌లో కొల్లలు. సైమన్, ఎమన్స్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1950లలోనే దీన్ని పరీక్షించారు. మెదడు తరంగాలను కొలిచే ఈఈజీ యంత్రం పెట్టి, మనిషి నిజంగా నిద్రపోయాడని తేలాకే మాటలు వినిపించారు. లేచాక ఎవరికీ అవి గుర్తులేవు. అంతకుముందు నిద్రలో నేర్చుకున్నట్టు కనిపించినవాళ్లలో చాలామంది ఆ సమయంలో సగం మెలకువలో ఉన్నవాళ్లే. మెలకువలో నేర్చుకోని మాటను నిద్రలో వెయ్యిసార్లు వినిపించినా లాభం లేదు. ఈ వ్యాసంలో చెప్పేదంతా మీరు ముందే కష్టపడి నేర్చుకున్నదాని గురించే.

ఇది పనిచేస్తుందని ఎలా తెలుసు?

2009లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో కెన్ పాలర్ బృందం చేసిన ప్రయోగం ఈ రంగంలో పెద్ద మలుపు. తెరమీద 50 బొమ్మలు, ఒక్కోటి ఒక్కో చోట. ప్రతి బొమ్మకూ దానికి తగిన శబ్దం ఉంది: పిల్లికి మ్యావ్, కెటిల్‌కి ఈల. ఏ బొమ్మ ఎక్కడుందో నేర్చుకున్నాక అందరూ మధ్యాహ్నం కునుకు తీశారు. ఆ నిద్రలో 25 శబ్దాలు మాత్రమే మెల్లగా వినిపించారు. లేచాక పరీక్షిస్తే, శబ్దం వినిపించిన బొమ్మలను అసలు చోటుకు మరింత దగ్గరగా పెట్టగలిగారు. నిద్రలో తమకు ఏవో వినిపించాయన్న సంగతే వాళ్లకు తెలియదు.

ఎలుకల్లో దీని లోపలి పనితీరు కూడా కనిపించింది. 2012లో ఎంఐటీలో బెండర్, విల్సన్ ఎలుకలకు రెండు శబ్దాలు నేర్పారు. ఒకటి వినిపిస్తే ఎడమవైపు తిండి, ఇంకోటి వినిపిస్తే కుడివైపు. ఎలుక నిద్రపోతున్నప్పుడు ఎడమ శబ్దం వినిపిస్తే, హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలోని కణాలు ఎడమదారిలో నడిచిన అనుభవాన్నే ఎక్కువగా తిరగేశాయి. జ్ఞాపకాల వరసలో ఏది ముందుకు రావాలో ఆ శబ్దం సూచించిందన్నమాట.

మనకు పనికొచ్చేది 2015 నాటి స్విట్జర్లాండ్ ప్రయోగం. ష్రైనర్, రాష్ అనే ఇద్దరు పరిశోధకులు, జర్మన్ మాట్లాడేవాళ్లకు డచ్ మాటలు నేర్పారు. నిద్రలో కొన్ని డచ్ మాటలను మాత్రమే, అర్థం చెప్పకుండా వినిపించారు. వినిపించిన మాటలు బాగా గుర్తున్నాయి. మేలుకుని ఉన్నవాళ్లకు అవే మాటలు వినిపిస్తే ఆ లాభం రాలేదు.

అయితే ఎంత లాభం? ఈ ప్రశ్న ఇప్పుడే తేల్చుకోవడం మంచిది. 2020లో 91 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. లాభం నిజమే, కానీ చిన్నది. గణాంక భాషలో 0.29, అంటే చిన్నదానికీ మధ్యరకానికీ నడుమ, చిన్నవైపే మొగ్గింది. అది కూడా గాఢ నిద్రలోనూ, దానికి ముందుండే రెండో దశ నిద్రలోనూ వినిపించినప్పుడే. కలలు ఎక్కువగా వచ్చే దశలో వినిపిస్తే లాభం కనిపించలేదు. మార్కులు రెట్టింపు అవుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. జారిపోయే పది మాటల్లో ఒకటి రెండు నిలబడితే చాలు అనుకునేవాళ్లకే ఈ పద్ధతి.

1. ఏవి గుర్తుండాలో ఎంచుకోండి

జంటగా ఉండే విషయాలకు ఇది సరిపోతుంది: మాట-దాని అర్థం, ముఖం-దాని పేరు, వస్తువు-అది ఉన్న చోటు. వాయిద్యం మీద వాయించే చిన్న స్వరానికి కూడా పనిచేస్తుందని 2012లో తేలింది. రెండు బాణీలు నేర్పి, కునుకులో ఒకటే వినిపిస్తే ఆ ఒకటే మెరుగైంది. అర్థం చేసుకుని రాయాల్సిన వ్యాసాలకు, లెక్కల పద్ధతులకు దీన్ని వాడొద్దు. అవి కూర్చుని చదవాల్సినవే.

మాటల్లో కూడా అన్నీ పనికిరావు. పూర్తిగా వచ్చేసిన మాటకు నిద్రలో సాయం అక్కర్లేదు. అస్సలు రాని మాటకు సాయం అందదు. సగం సగం వచ్చినవి, అంటే ఒకసారి గుర్తొచ్చి ఇంకోసారి తప్పిపోయేవి, వాటికే లాభం ఎక్కువ. నర్సింగ్ జర్మన్ చదివేవారికి ఇలాంటివి బోలెడు ఉంటాయి. గుండె అంటే ‘హెర్ట్స్’ అని వచ్చు, కానీ జర్మన్‌లో నామవాచకం ముందు వచ్చే ఆర్టికల్‌గా డేర్ పెట్టాలా, డీ పెట్టాలా, దాస్ పెట్టాలా అన్నచోట తడబాటు. కాలేయాన్ని ‘డీ లేబర్’ అంటారని చదివారు, కానీ వినగానే లేబర్ వార్డు గుర్తొస్తుంది. ‘డేర్ బ్లూట్‌ద్రుక్’ బీపీ, ‘డీ వుండె’ గాయం, ‘దాస్ ఫీబర్’ జ్వరం. ఇలాంటివి 20 రాసుకోండి. కష్టం సమానంగా ఉండేలా వాటిని పది పదిగా రెండు జాబితాలు చేయండి. ఒక జాబితాకే శబ్దం, రెండోది పోల్చి చూసుకోవడానికి. ఈ రెండో జాబితా లేకపోతే పద్ధతి పనిచేసిందో లేదో మీకు ఎప్పటికీ తెలియదు.

ఇంకో మాట. మెదడు తనంతట తానే ముఖ్యమనుకున్నవాటిని దాచుకుంటుంది. 2013లో పాలర్ బృందమే ఈ సంగతి పరిశీలించింది. కొన్ని బొమ్మలకు ఎక్కువ బహుమతి, కొన్నిటికి తక్కువ అని ముందే చెప్పారు. తక్కువ విలువవి సహజంగానే ఎక్కువ మరుపున పడ్డాయి. కానీ నిద్రలో వాటి శబ్దాలు వినిపిస్తే అవీ నిలబడ్డాయి. కాబట్టి మీకు ఇష్టమైన మాటలకు కాదు, విసుగు పుట్టించినా తప్పనిసరిగా కావలసిన మాటలకు శబ్దం కేటాయించండి.

2. శబ్దం జతచేయండి

భాష విషయంలో శబ్దం వేరే వెతకనక్కర్లేదు, మాటే శబ్దం. మీ గొంతుతోనో, మీకు నేర్పే టీచర్ గొంతుతోనో ఒక్కో జర్మన్ మాటను దాని ఆర్టికల్‌తో కలిపి ఒక్కసారి రికార్డు చేయండి. ఉచ్చారణ సరిగ్గా ఉండాలి, లేకపోతే తప్పునే గట్టిపరుస్తారు. తెలుగు అర్థం రికార్డు చేయొద్దు. ఎందుకంటే ష్రైనర్ బృందం 2015లోనే చేసిన ఇంకో ప్రయోగంలో, క్యూ (అంటే జ్ఞాపకాన్ని పైకి తేవడానికి వినిపించే శబ్దం)గా వేసిన మాట వెనువెంటనే అర్థం కూడా వినిపిస్తే లాభం మాయమైంది. శబ్దం విన్నాక జ్ఞాపకం పైకి రావడానికి మెదడుకు కొంత ఖాళీ కావాలి. ఆ ఖాళీలో ఇంకో మాట దూరితే పని చెడుతుంది. మంచి ఉద్దేశంతోనే చాలామంది ‘మాట, అర్థం, మాట, అర్థం’ అని రికార్డు చేస్తారు. మీరు అలా చేయకండి.

ముఖాలూ పేర్లూ నేర్చుకోవాలంటే, ఉదాహరణకు కొత్తగా వచ్చిన తరగతిలో నలభై మంది పిల్లల పేర్లు, వాటికీ పేరునే క్యూగా వాడొచ్చు. బొమ్మలకూ మ్యాపులకూ మాత్రం విడి శబ్దాలు కావాలి. గంట, నీళ్ల చప్పుడు, ఏదైనా పక్షి కూత, ఒక్కోటి సెకనుకు మించకుండా. వాట్సాప్ మోత, అలారం, కాలింగ్ బెల్, పసిపిల్ల ఏడుపు లాంటివి వద్దు. అవి వింటే లేచి కూర్చోవడానికే మెదడు అలవాటు పడింది. ఇష్టమైన సినిమా పాట కూడా వద్దు, దానికి ఇప్పటికే వంద జ్ఞాపకాలు అతుక్కుని ఉంటాయి.

3. పడుకునే ముందు నేర్చుకోండి

రాత్రి భోజనం అయ్యాక, పడుకోవడానికి గంట ముందు కూర్చోండి. రెండు జాబితాల్లోని 20 మాటలనూ ఒకేలా చదవండి. రెండు జాబితాలకూ రికార్డు చేసిన గొంతు వినాలి. లేకపోతే పోలిక న్యాయంగా ఉండదు. మాట వినండి, ఆపండి, అర్థం పైకి చెప్పండి, అప్పుడే కాగితం చూడండి. ఈ ‘ఆపి చెప్పడం’ అనేదే అసలు నేర్చుకోవడం. ఊరికే పదేపదే వినడం వల్లె వేసినట్టూ కాదు.

తర్వాత ఒక పరీక్ష. తెలుగు అర్థం చూసి జర్మన్ మాట ఆర్టికల్‌తో సహా రాయండి. ప్రతి జాబితాలోనూ పదికి ఐదు నుంచి ఏడు దాకా వస్తే అక్కడితో ఆపేయండి. పది వచ్చేశాయంటే జాబితా మీకు సులువు, రేపు ఇంకోటి తీసుకోండి. ఏవి వచ్చాయో, ఏవి రాలేదో రాసిపెట్టుకుని ఆ కాగితం కనపడకుండా పెట్టేయండి.

4. ఆడియో ఫైల్ తయారీ

ఇది ఒకసారి చేసుకుంటే జాబితా మారినప్పుడల్లా అచ్చు అలాగే వాడుకోవచ్చు. కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. రికార్డు చేసిన పది మాటల గట్టితనం సమానం చేయండి. మాట మొదట్లో ‘టక్’మని వచ్చే చప్పుడు, మైక్ మీద పడిన ఊపిరి కత్తిరించండి. నిద్రలో మనిషిని లేపేవి ఇలాంటి ఉన్నట్టుండి వచ్చే చప్పుళ్లే.

ఫైలు మొదట 40 నిమిషాల నిశ్శబ్దం పెట్టండి. ఆ తర్వాత మాటలు, ఒక్కోదాని నుంచి ఇంకోదానికి ఏడు సెకన్లు. పది మాటల చుట్టు 70 సెకన్లలో పూర్తవుతుంది. ప్రతి చుట్టులో వరస మార్చండి. ఇరవై చుట్లు అంటే సుమారు 23 నిమిషాలు. మొదటి రెండు చుట్లు ఇంకా తక్కువ గట్టితనంతో మొదలై మెల్లగా పెరగాలి. ఆ తర్వాత ఫైలు ఆగిపోవాలి, మళ్లీ మొదటికి రాకూడదు. ప్లేయర్‌లో రిపీట్ ఆపి ఉందో లేదో రెండుసార్లు చూడండి.

ఈ 40 నిమిషాలు ఎందుకంటే, ఆరోగ్యంగా నిద్రపోయే పెద్దవాళ్లకు గాఢ నిద్ర రాత్రి మొదటి భాగంలోనే ఎక్కువ. కళ్లు మూతపడ్డాక అరగంటలోపే చాలామంది అందులోకి జారుకుంటారు. ఒక నిద్ర చుట్టు దాదాపు 90 నిమిషాలు, దాని చివర కలల దశ వస్తుంది. ప్రయోగశాలలో తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి, గాఢ నిద్ర కనిపించిన క్షణంలోనే శబ్దం వేస్తారు, కదలిక వస్తే ఆపేస్తారు. మన దగ్గర ఆ వసతి లేదు కాబట్టి గడియారం మీద ఆధారపడుతున్నాం. ఇంట్లో చేసే పద్ధతికి ఉన్న పెద్ద లోటు ఇదే. పడుకున్నాక గంటసేపు దొర్లేవాళ్లకు ఈ లెక్క కుదరదు.

5. గట్టితనం, గది

సీలింగ్ ఫ్యాను మనకు ఇక్కడ కలిసొచ్చే విషయం. నార్త్‌వెస్టర్న్ ప్రయోగంలో శబ్దాలు ఉలిక్కిపడేలా చేయకుండా వెనక మెత్తటి వైట్ నాయిస్ నడిపారు. మన ఇళ్లలో ఫ్యానో, కూలరో ఆ పని చేస్తుంది. ఫ్యాను వేసి, ఫోనును తలకు చెయ్యిచాపు దూరంలో బల్లమీద పెట్టి, పడుకుని వినండి. మేలుకుని, చెవి రిక్కించి వింటే మాట అర్థం కావాలి. వేరే ఆలోచనలో ఉంటే పట్టించుకోనంత చిన్నగా ఉండాలి. అనుమానం వస్తే ఇంకో మెట్టు తగ్గించండి. ఇయర్‌బడ్స్ పెట్టుకుని పడుకోవద్దు, పక్కకు తిరిగితే నొప్పి పెట్టి అవే లేపుతాయి.

ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. అదే గదిలో భార్యో, భర్తో, అమ్మో, పసిబిడ్డో పడుకుంటే ముందే చెప్పి ఒప్పించండి. వాళ్ల నిద్ర పాడయ్యేలా ఉంటే ఆ గదిలో ఇది వద్దు. హాస్టల్ గదిలో నలుగురి మధ్య అసలు వద్దు.

మొదటిసారి రాత్రి కాకుండా ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత చేసి చూడమని నా సలహా. గంటన్నర కునుకు తీసే వీలున్న రోజు, నిశ్శబ్దాన్ని 25 నిమిషాలకు తగ్గించి పెట్టుకోండి. శబ్దానికి లేస్తారో లేదో అక్కడే తేలిపోతుంది, రాత్రి నిద్ర పణంగా పెట్టనక్కర్లేదు.

6. నిద్ర చెడితే ఆపేయాలి

ఈ భాగాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2022లో నార్త్‌వెస్టర్న్‌లోనే 24 మందికి 80 ముఖాలూ పేర్లూ నేర్పారు. 40 ముఖాలు లాటిన్ అమెరికా చరిత్ర తరగతివి, 40 జపాన్ చరిత్ర తరగతివి అని చెప్పారు. నిద్రలో కొన్ని పేర్లు వినిపించారు. గాఢ నిద్ర కలతలేకుండా సాగినవాళ్లు సగటున ఒకటిన్నర కంటే కాస్త ఎక్కువ పేర్లు అదనంగా గుర్తుపెట్టుకున్నారు. నిద్ర చెదిరినవాళ్లకు లాభం లేదు. ఆ మరుసటి ఏడాది అదే పరిశోధకులు ఇంకా కలవరపెట్టే సంగతి ప్రకటించారు. శబ్దం నిద్రను చెదరగొడితే, సరిగ్గా ఆ శబ్దానికి చెందిన జ్ఞాపకమే బలహీనపడుతుంది. మీరు కాపాడాలనుకున్న మాటే పోతుందన్నమాట. 2019లో ఇళ్లలో చేసిన స్విస్ పరీక్షలో కూడా, శబ్దాల వల్ల నిద్ర పాడైందని చెప్పినవాళ్లకు నష్టమే జరిగింది.

అందుకే కొన్ని హద్దులు పెట్టుకోండి. మాటలు మొదలయ్యేసరికి ఇంకా మెలకువగా ఉంటే ఫైలు ఆపేసి ఆ రాత్రికి మానేయండి. మధ్యలో మెలకువ వచ్చి మాట వినబడితే, రేపు వాల్యూమ్ తగ్గించండి. రెండోసారీ అలాగే జరిగితే మీ నిద్రకు ఇది సరిపడదు. నిద్రలేమి, గురకతో ఊపిరి ఆగే సమస్య, మూర్ఛ ఉన్నవాళ్లు, నైట్ షిఫ్టులతో నిద్ర వేళలు తారుమారయ్యేవాళ్లు, పొద్దున్నే దూరం డ్రైవ్ చేయాల్సినవాళ్లు దీని జోలికి పోవద్దు. చిన్నపిల్లల మీద ప్రయోగాలు చేయొద్దు. పరీక్షకు ముందురోజు రాత్రి కూడా వద్దు, ఆ టెన్షన్‌లో నిద్ర ఎలాగూ పలచగానే ఉంటుంది.

శబ్దం పడనివాళ్లకు వాసన ఒక దారి. 2007లో జర్మనీలో గులాబీ వాసనతో చేసిన ప్రయోగమే ఈ రంగానికి ఊపునిచ్చింది. నేర్చుకునేటప్పుడు పెట్టిన వాసననే గాఢ నిద్రలో మళ్లీ పెడితే కార్డుల చోట్లు బాగా గుర్తున్నాయి. 2020లో ఆరో తరగతి పిల్లలు ఇంగ్లిష్ మాటలు నేర్చుకోవడానికి గులాబీ అగరుబత్తీలతో ఇంట్లోనే ప్రయత్నించగా మేలు కనిపించింది. వాసన మనిషిని సులువుగా లేపదు. మీరు ప్రయత్నిస్తే అగరుబత్తిని వెలిగించకండి, ఊరికే బల్లమీద ఉంచినా వాసన వస్తుంది. రాత్రంతా పొగ పీల్చడం మంచిది కాదు. అయితే వాసనతో ఏ మాట కావాలో విడిగా ఎంచుకోలేరు, ఆ పూట చదివిన మొత్తానికీ ఒకటే వాసన.

7. ఉదయం లెక్క చూడండి

లేచిన వెంటనే కాదు, మొహం కడుక్కుని, కాఫీ తాగి, నిద్రమత్తు వదిలాక కూర్చోండి. 20 మాటలనూ కలగలిపి రాత్రి రాసిన పద్ధతిలోనే రాయండి. ఇప్పుడు ప్రతి జాబితాకూ రెండు అంకెలు తీయండి: రాత్రి వచ్చినవాటిలో పొద్దున ఎన్ని మిగిలాయి, రాత్రి రానివాటిలో ఎన్ని కొత్తగా వచ్చాయి. ఉదాహరణకు రాత్రి రెండు జాబితాల్లోనూ ఆరేసి వచ్చి, పొద్దున శబ్దం వేసినదాంట్లో ఆరూ నిలిచి, వేయనిదాంట్లో నాలుగే నిలిచాయనుకోండి. ఆ ఒక్క రాత్రిని చూసి సంబరపడొద్దు. పది మాటల్లో రెండు తేడా కాకతాళీయంగానే రావచ్చు. కనీసం నాలుగైదు జాబితాలు అయ్యాక మొత్తం కూడి చూడండి.

మీ నమ్మకం ఫలితంలోకి దూరకుండా ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. రెండు జాబితాలకూ రెండు ఫైళ్లు తయారుచేసి, ఏ ఫైలు వేయాలో ఇంట్లో ఇంకొకరిని ఎంచుకోమనండి. తమ్ముడో, చెల్లో, రూమ్మేటో మీకు చెప్పకుండా ఒకటి నొక్కి, ఏదో కాగితం మీద రాసి మడిచిపెట్టాలి. పొద్దున మీ పరీక్ష పూర్తయ్యాకే ఆ కాగితం విప్పండి. విప్పకముందే ఏ ఫైలో మీకు తెలిసిపోయిందంటే రాత్రి మీకు వినబడిందని అర్థం. ఆ రాత్రి లెక్కను పక్కన పెట్టి, వాల్యూమ్ తగ్గించండి.

నాలుగైదు జాబితాల తర్వాత శబ్దం వేసినవైపు ఏ మొగ్గూ లేకపోతే ఫైలు ఆపేసి, ఫ్యాను కింద హాయిగా నిద్రపోండి. మొగ్గు కనిపిస్తే వారానికి రెండు మూడు రాత్రులకు మించకుండా కొనసాగించండి. అప్పటికి పూర్తిగా వచ్చేసిన మాటలు తీసేసి, మళ్లీ సగం సగం వచ్చినవాటితో కొత్త పది తయారుచేసుకోండి.